ఎల్1కే ఇవ్వాలా, విలువ చూసి ఇవ్వాలా? కాంట్రాక్టర్ ఎంపిక పద్ధతుల పోలిక

టెండర్ కవర్లు తెరిచిన రోజు ఒక సన్నివేశం చాలామందికి అనుభవమే. అందరికంటే తక్కువ రేటు వేసిన కంపెనీ (టెండర్ల భాషలో ఎల్1) పేరు చదవగానే గదిలో ఉన్న ఇంజినీర్ మొహం వాడిపోతుంది. ఆ కంపెనీ పనితనం ఆయనకు తెలుసు. కానీ షరతుల్లో రాసుకున్నది ధర ఒక్కటే కాబట్టి పని వాళ్లకే వెళ్తుంది. ఆ తర్వాత ఒప్పందంలో లేని అదనపు పనుల (ఎక్స్‌ట్రా ఐటమ్స్) మీద ఉత్తరాలు, నెలకో కొత్త సైట్ ఇంజినీర్, గడువు పొడిగింపులు.

ఇలా ఒకసారి దెబ్బతిన్నవాళ్లు ‘ఇకనుంచి నాణ్యత కూడా చూద్దాం’ అనుకుంటారు. అక్కడే కొత్త చిక్కు మొదలవుతుంది. విలువ ఆధారిత ఎంపిక అనేది ఒక్క పద్ధతి కాదు. ఆ పేరు కింద ఒకదానికొకటి పోలిక లేని పద్ధతులు చాలా ఉన్నాయి. ఒకటి మార్కులు వేయమంటుంది, ఒకటి నాణ్యతను డబ్బుగా మార్చమంటుంది, ఇంకొకటి మంచివాళ్లను పట్టుకుని ధర తర్వాత మాట్లాడమంటుంది.

టెండర్ కమిటీల్లో కూర్చున్న అనుభవంతో ఒక సంగతి చెప్తాను. ఒక భవనం పనికి నాణ్యతకు 40 శాతం, ధరకు 60 శాతం అని పెట్టుకున్నాం. నలుగురు బిడ్డర్ల టెక్నికల్ ప్రతిపాదనలు మూడు రోజులు చదివాం. చివరికి అందరికీ 74 నుంచి 79 మధ్యే మార్కులు వచ్చాయి. ధరల కవర్లు తెరిచాక గెలిచింది తక్కువ రేటు వేసినవాళ్లే. మేం పాత పద్ధతిలోనే ఉండిపోయాం, మూడు రోజుల చాకిరీ మాత్రం అదనంగా చేశాం. ఏ పద్ధతిని చూసినా నేను మొదట అడిగే ప్రశ్న అప్పటినుంచీ ఒక్కటే: మంచి కాంట్రాక్టర్‌కీ మామూలు కాంట్రాక్టర్‌కీ మధ్య తేడాను ఇది నిజంగా బయటపెడుతుందా?

## ముందు మీ పని గురించి తేల్చుకోవాల్సినవి

డ్రాయింగులు ఎంతవరకు అయ్యాయి? ప్రతి కొలతా, ప్రతి మెటీరియలూ రాసేసి ఉంటే కాంట్రాక్టర్ తెలివి చూపించే చోటు తక్కువ. కాంపౌండ్ గోడ కట్టించడానికి మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు అక్కర్లేదు. డిజైన్‌లో కొంత భాగం కాంట్రాక్టరే చేయాల్సి వస్తే, లేదా భూమి లోపల ఏముందో పూర్తిగా తెలియకపోతే, అక్కడ మనిషికీ మనిషికీ తేడా విపరీతంగా ఉంటుంది.

పని చెడితే నష్టం ఎవరిది, ఎంత? నడుస్తున్న ఆసుపత్రిలో ఒక వార్డు మరమ్మతు చేయించడం, ఖాళీ స్థలంలో గోడౌన్ కట్టించడం ఒకటి కావు. మొదటిదాంట్లో ఒక రోజు కరెంటు పోతే జరిగే నష్టం ముందు టెండర్లో మిగిలిన డబ్బు ఏపాటిది? ఆలస్యమైతే రోజుకు మీకు ఎంత పోతుందో ఒక్కసారి లెక్క వేసి చూడండి. చాలామంది ఆ లెక్క వేయరు, కానీ ఈ వ్యాసంలో చెప్పబోయే సగం నిర్ణయాలు దాని మీదే ఆధారపడతాయి.

మీ దగ్గర చదివి తేల్చగలిగే మనుషులున్నారా? ప్రతిపాదనలు చదవడం, ఇంటర్వ్యూలు చేయడం, ఎందుకు ఆ మార్కు వేశారో రాతపూర్వకంగా చెప్పడం అనుభవం ఉన్నవాళ్లు చేయాల్సిన పని. ఆ మనుషులు లేకుండా పద్ధతి ఒక్కటే తెచ్చుకుంటే మార్కులు ఊహతో పడతాయి.

ఎవరికి జవాబు చెప్పాలి? సొంత డబ్బు పెట్టేవాళ్లకు ‘వీళ్ల మీద నాకు నమ్మకం కుదిరింది’ అంటే సరిపోతుంది. ప్రజాధనం ఖర్చు పెట్టే ఆఫీసుకు అది సరిపోదు. ఓడిపోయినవాళ్లు ఫిర్యాదు చేస్తే ప్రతి మార్కుకూ కారణం చూపించాలి.

పోటీకి ఎంతమంది వస్తారు? సత్తా ఉన్నవాళ్లు ఇద్దరే ఉన్న చోట ఎంత గొప్ప ఫార్ములా పెట్టినా పెద్దగా ఉపయోగం లేదు. పేపర్ పని ఎక్కువ పెడితే ఆ ఇద్దర్లో ఒకరు ‘మాకొద్దు’ అని తప్పుకోవచ్చు కూడా.

కట్టాక ఇరవై, ముప్ఫై ఏళ్ల పాటు కరెంటు బిల్లూ మరమ్మతుల ఖర్చూ మీరే భరించేట్టయితే ఆ ఖర్చును కూడా ధరలో కలిపి చూడాలి. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల ఆదేశం, 2014/24, ఇలా జీవితకాల ఖర్చు ఆధారంగా ఎంచుకోవడానికి స్పష్టంగా వీలు కల్పించింది.

## తక్కువ ధరకే పని

దీన్ని తిట్టడం ఫ్యాషన్ అయింది కానీ ఇది పనికొచ్చే చోట బ్రహ్మాండంగా పనికొస్తుంది. డ్రాయింగులు పూర్తిగా ఉన్నాయి, పని సాదాసీదాది, చేయగలిగినవాళ్లు బోలెడుమంది, మీ సూపర్‌విజన్ గట్టిది. అలాంటప్పుడు ఎల్1 పద్ధతి కంటే వేగంగా, తక్కువ వివాదంతో ముగిసేది ఇంకోటి లేదు.

దీని జబ్బు ఎక్కడుందంటే, లెక్క తప్పిన బిడ్‌కీ నిజంగా సమర్థమైన బిడ్‌కీ ఇది తేడా చూపించదు. పది మందిలో ఎవరు ఒక ఐటమ్‌ను మరిచిపోయారో వాళ్లే గెలిచే అవకాశం ఎక్కువ. గెలిచాక ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి వాళ్లకు మిగిలే దారులు రెండే: పనిలో కోత, లేదా క్లెయిములు, అంటే అదనపు డబ్బు కోసం డిమాండ్లు. అందుకే ఈ పద్ధతిలోనే ఉండిపోయినా ఒక్క జాగ్రత్త తప్పనిసరిగా చేర్చుకోండి. మరీ తక్కువగా వచ్చిన బిడ్‌ను గుడ్డిగా ఒప్పుకోకుండా, రేట్లు ఎలా కుదిరాయో రాతపూర్వకంగా వివరణ అడగండి. పైన చెప్పిన యూరప్ ఆదేశంలో 69వ అధికరణం దీన్నే తప్పనిసరి చేసింది.

## ముందు అర్హత, తర్వాత ధర

రెండు కవర్ల పద్ధతి. మొదటి కవర్లో అనుభవం, టర్నోవర్, యంత్రాలు, మనుషుల వివరాలు. పాసైనవాళ్ల ధర కవర్లే తెరుస్తారు. అక్కడినుంచి మళ్లీ తక్కువ ధరే.

దీన్ని చాలామంది విలువ ఆధారిత పద్ధతి అనుకుంటారు. కాదు, ఇది జల్లెడ. 41 మార్కులతో పాసైనవాళ్లూ 95తో పాసైనవాళ్లూ ఇక్కడ సమానమే. జల్లెడ కన్నాలు పెద్దవైతే అందరూ దాటతారు, చిన్నవైతే ఇద్దరు ముగ్గురే మిగిలి రేట్లు పెరుగుతాయి.

అయినా తొలి మెట్టుగా దీన్ని నేను గట్టిగానే సిఫారసు చేస్తాను. ఒక్క షరతు: అర్హతలు కంపెనీ సైజు గురించి కాకుండా ఈ పని గురించి ఉండాలి. టర్నోవర్ పెద్దదైతే పని బాగా చేస్తారని ఎక్కడా లేదు. ‘గత ఏడేళ్లలో జనం వాడుతున్న భవనంలో ఇలాంటి మరమ్మతు రెండు చేసి ఉండాలి, ఆ యజమానులతో మేం మాట్లాడతాం’ అని రాస్తే జల్లెడకు అర్థం వస్తుంది.

## మార్కులు, వెయిటేజీలు

విలువ అనగానే ఎక్కువమంది దిగేది ఇక్కడికే. నాణ్యతకు ఇన్ని మార్కులు, ధరకు ఇన్ని, రెండూ కలిపి ఎవరు ముందుంటే వాళ్లు. నిబంధనల పుస్తకాల్లో దీనికి మద్దతు ఉంది. భారత ఆర్థిక మంత్రిత్వ శాఖ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన సూచనలు, అధికారికంగా నాణ్యత ముఖ్యమని ప్రకటించిన పనులకు ఈ పద్ధతిని అనుమతిస్తూ, ధరేతర అంశాల వెయిటేజీ 30 శాతం దాటకూడదని గీత గీశాయి. బ్రిటన్ 2025 ఫిబ్రవరి 24న అమల్లోకి తెచ్చిన ప్రొక్యూర్‌మెంట్ చట్టంలో ‘ఆర్థికంగా అత్యంత ప్రయోజనకరమైన టెండర్’ అన్న పాత మాటలోంచి ‘ఆర్థికంగా’ అన్న పదాన్నే తీసేసింది. ప్రపంచ బ్యాంకు 2016 జులైలో తెచ్చిన కొత్త కొనుగోళ్ల విధానం కూడా పెట్టిన డబ్బుకు దక్కే విలువనే మూలసూత్రంగా పెట్టుకుంది.

సరే, మద్దతు ఉంది. లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. ముగ్గురు బిడ్డర్లు అనుకోండి. ధర మార్కులు లెక్కపెట్టడానికి ఎక్కువగా వాడే సూత్రం తీసుకుందాం: అతి తక్కువ ధరను ఆ బిడ్డర్ ధరతో భాగించి, వెయిటేజీతో హెచ్చించడం.

| బిడ్డర్ | ధర | నాణ్యత (100కి) | మొత్తం, ధర 75 – నాణ్యత 25 | మొత్తం, ధర 60 – నాణ్యత 40 |
|---|---|---|---|---|
| క | 100 | 60 | 90.0 | 84.0 |
| ఖ | 108 | 78 | 88.9 | 86.8 |
| గ | 120 | 85 | 83.8 | 84.0 |

నాణ్యత వెయిటేజీ 25 ఉంటే ‘క’ గెలుస్తుంది, 40 ఉంటే ‘ఖ’ గెలుస్తుంది. వెయిటేజీ అంటే అలంకారం కాదు, దాంట్లోనే నిర్ణయం ఉంది. ‘ఖ’ అడిగే అదనపు 8 శాతం ఇవ్వడానికి మీరు సిద్ధమా కాదా అన్న ప్రశ్నకు, టెండర్ పిలిచే ముందే, తెలిసో తెలియకో మీరు జవాబు చెప్పేస్తున్నారు. అందుకే వెయిటేజీ నిర్ణయించే ముందు ఇలాంటి ఊహాబిడ్లు నాలుగైదు రాసుకుని, ‘ఈ పరిస్థితిలో ఎవరు గెలిస్తే మనకు న్యాయంగా అనిపిస్తుంది?’ అని కమిటీలో మాట్లాడుకోండి. గంటసేపు పట్టే ఈ కసరత్తు చేసిన కమిటీలు తర్వాత చాలా తక్కువగా తగాదా పడటం చూశాను.

ఇప్పుడు ఇదే సూత్రంలో ఒక గొయ్యి చూపిస్తాను. 75–25 వెయిటేజీలో ‘ఘ’ అని నాలుగో బిడ్డర్ 75 ధరకు వచ్చారనుకోండి. అతి తక్కువ ధర ఇప్పుడు 75. దాంతో ‘క’కు 71.25, ‘ఖ’కు 71.58 వస్తాయి. అంటే ఆ ఇద్దరి మధ్య నిన్న ‘క’ ముందుంటే ఇవాళ ‘ఖ’ ముందుంది, వాళ్లిద్దరి బిడ్లలో అక్షరం మారకుండానే. ఆ ‘ఘ’ బిడ్‌ను తర్వాత అసాధారణంగా తక్కువని పక్కన పెట్టి మార్కులు మళ్లీ లెక్కిస్తే గెలుపు ‘క’ది, లెక్కించకపోతే ‘ఖ’ది. సంబంధం లేని మూడో మనిషి రాకపోకల మీద ఫలితం తిరగబడే పద్ధతిని ఫిర్యాదు వచ్చినప్పుడు సమర్థించుకోవడం కష్టం. ధర మార్కులను అతి తక్కువ బిడ్‌తో కాకుండా, ముందే ప్రకటించిన అంచనా విలువతో పోల్చి వేస్తే ఈ గొడవ ఉండదు. ఆ ఒక్క మార్పు మీ టెండర్ డాక్యుమెంట్‌లో ఈరోజే చేసుకోవచ్చు.

ఇక మొదట్లో నేను చెప్పుకున్న బాధ. కాగితం మీద వెయిటేజీ వేరు, నిజంగా పనిచేసే వెయిటేజీ వేరు. నాణ్యత మార్కులు అందరికీ 75, 80 మధ్యే పడితే, 40 శాతం వెయిటేజీలో మొదటివాళ్లకూ చివరివాళ్లకూ మధ్య వచ్చే తేడా 2 మార్కులు. ధరలు 100 నుంచి 120 వరకు ఉంటే 60 శాతం వెయిటేజీలో తేడా 10 మార్కులు. మీరు 60–40 అని ప్రకటించారు, జరిగింది దాదాపు ఎల్1.

మార్కులు ఎందుకు గుంపుగా పడతాయి? మనుషులు మొహమాటపడతారు. 40 వేస్తే రేపు కారణం చెప్పాలి, 75 వేస్తే ఎవరూ అడగరు. ‘మెథడ్ స్టేట్‌మెంట్ (పని ఎలా చేస్తారో రాసిన వివరణ) బాగుందా?’ లాంటి మెత్తటి ప్రశ్నలు దానికి తోడు. ప్రతి మార్కుకూ అర్థం ముందే రాసిపెట్టుకోవడమే దీనికి మందు. ఉదాహరణకు షెడ్యూల్‌కు: గడువు తేదీలు మాత్రమే రాస్తే 25. మీ సైట్‌లో ఉన్న ఇబ్బందులను పేర్కొని వాటికి సమయం కేటాయిస్తే 50. గతంలో అలాంటి ఇబ్బందిని దాటిన ఆధారం కూడా చూపిస్తే 75. ఆ ఆధారాన్ని పాత యజమాని ధ్రువీకరిస్తే 100. మధ్యలో 62, 68 ఉండవు. ఇలా చేస్తే మార్కులు విడిపోతాయి, వేసినవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్నలు కూడా తక్కువ పెట్టుకోండి. పన్నెండు అంశాలు పెడితే ఒక దాంట్లో గొప్పతనం మిగతావాటిలో కరిగిపోతుంది. నాలుగు చాలు.

## నాణ్యతకు డబ్బు లెక్క కట్టడం

నాకు బాగా నచ్చినదీ, తక్కువమంది వాడేదీ ఇదే. మార్కులను ధరతో కలపకుండా, నాణ్యతను డబ్బుగా మార్చి ధరలోంచి తీసేస్తారు. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ నిర్మాణ పనులకు ఈ దారిని విస్తృతంగా వాడారు. పోలికలో తేలిన సంఖ్య తులన కోసమే. కాంట్రాక్టర్‌కు ఇచ్చేది వాళ్లు రాసిన ధరే.

పై ముగ్గురినే తీసుకుందాం. మీకు ముఖ్యమైన నాలుగు అంశాలకూ కలిపి ‘గరిష్ఠంగా 20 వరకు తగ్గిస్తాం’ అని ముందే ప్రకటించారు. ‘క’కు 5 తగ్గింపు దక్కింది, పోలిక ధర 95. ‘ఖ’కు 15 దక్కింది, పోలిక ధర 93. ‘గ’కు 17, పోలిక ధర 103. ‘ఖ’ గెలిచింది. ఇంకో బిడ్డర్ వచ్చినా పోయినా ‘క’, ‘ఖ’ల మధ్య 2 తేడా అలాగే ఉంటుంది.

దీనిలో ఉన్న అందం బిడ్డర్‌కు దక్కే స్పష్టత. ‘మంచి సైట్ ఇంజినీర్‌ను పూర్తికాలం పెడితే నాకు ఖర్చు 4, తగ్గింపు 6’ అని తెలిస్తే ఆ ఇంజినీర్‌ను తప్పకుండా పెడతారు. యజమానికీ ఇది మంచి పరీక్షే. నాణ్యత మాకు చాలా ముఖ్యమండీ అనడం తేలిక, దానికి ఎంత ఇస్తారో అంకె వేయమంటేనే ఆలోచన మొదలవుతుంది. ఆ అంకె వేయలేకపోతే మాత్రం ఈ పద్ధతి మీకు కాదు.

దీని తమ్ముడు లాంటిది ధర ప్లస్ సమయం బిడ్డింగ్. అమెరికా రోడ్ల పనుల్లో బాగా వాడారు. బిడ్డర్ ధరతో పాటు ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారో కూడా రాస్తారు. ఒక్కో రోజుకు యజమాని ముందే ఒక విలువ కడతాడు, రోజులను దాంతో హెచ్చించి ధరకు కలిపి పోలుస్తారు. 1994 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపంలో శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలినప్పుడు ఇలాంటి ఒప్పందమే చేసుకున్నారు. గడువు 140 రోజులు, ముందు ముగిస్తే రోజుకు 2,00,000 డాలర్ల బోనస్. కాంట్రాక్టర్ 74 రోజుల ముందే ముగించాడు. అంత బోనస్ ఇవ్వడం దుబారా అనిపించవచ్చు. ఆ దారి మూసి ఉన్న ప్రతి రోజూ నగరానికి అయ్యే నష్టాన్ని ముందే లెక్క కట్టారు కాబట్టే ధైర్యంగా అంత ఇవ్వగలిగారు. ఆలస్యం ఒక్కటే మీ భయమైతే, నాణ్యత మార్కుల జోలికి పోకుండా ఈ పద్ధతి తీసుకోండి.

## నిపుణుడిని గుర్తించి అతని చేతే ప్లాన్ చెప్పించడం

బెస్ట్ వాల్యూ అన్న పేరుతో ప్రత్యేకంగా పిలిచే పద్ధతి ఇది. 1990ల మొదట్లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో డీన్ కషివాగి దీన్ని రూపొందించారు. తర్వాత నెదర్లాండ్స్ ప్రభుత్వ రోడ్లు, జలమార్గాల సంస్థ రిజ్క్స్‌వాటర్‌స్టాట్ అత్యవసర రోడ్డు పనులకు వాడటంతో యూరప్‌లో పేరొచ్చింది.

మిగతా పద్ధతుల్లో యజమానే అంతా రాసి, ‘ఇది చేస్తారా?’ అని అడుగుతాడు. ఇక్కడ యజమాని తన లక్ష్యం, బడ్జెట్ పరిమితి చెప్పి ఆగిపోతాడు. బిడ్డర్ ఇచ్చేది వందల పేజీల ప్రతిపాదన కాదు. తన సామర్థ్యం గురించి రెండు పేజీలు, పనిలో ఎదురయ్యే రిస్కుల గురించి రెండు పేజీలు, అదనంగా తాను ఇవ్వగల విలువ గురించి రెండు పేజీలు. మొత్తం ఆరు. చెప్పిన ప్రతి మాటకూ గత పనుల అంకెలు ఆధారంగా ఉండాలి. చదివేవాళ్లకు కంపెనీ పేరు తెలియకుండా ఈ పేజీలు ఇస్తారు. పెద్ద పేరున్న కంపెనీకి మొహమాటంతో పడే మార్కులు ఇక్కడ పడవు.

ఆ తర్వాత ఇంటర్వ్యూలు. కంపెనీ ఎండీతో కాదు, మార్కెటింగ్ మేనేజర్‌తో కాదు, రేపు సైట్‌లో నిలబడే ప్రాజెక్ట్ మేనేజర్‌తో, సైట్ ఇంజినీర్‌తో, ఒక్కొక్కరితో విడిగా. ‘మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు ఈ పని ఎలా నడుస్తుందో చెప్పండి’ అంటే, చేసినవాళ్లకూ చదివి వచ్చినవాళ్లకూ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ పద్ధతిలోంచి ఒక్క ముక్కే తీసుకోగలిగితే ఈ ఇంటర్వ్యూను తీసుకోండి. ఏ పద్ధతికైనా దీన్ని అతికించవచ్చు, మార్కులను ఇంతగా విడదీసే సాధనం నాకు ఇంకోటి కనిపించలేదు.

ముందు నిలిచిన ఒక్క బిడ్డర్‌తోనే తర్వాతి దశ నడుస్తుంది. సంతకాలకు ముందు వాళ్లు తమ ప్లాన్ మొత్తం వివరించాలి: ఏది తమ బాధ్యత, ఏది కాదు, తమ చేతిలో లేని రిస్కులేంటి, వాటికి ఏం చేస్తారు. అది కుదరకపోతే రెండో బిడ్డర్ దగ్గరికి వెళ్తారు. పని మొదలయ్యాక ప్రతి వారం రిస్క్ రిపోర్ట్. తేదీ జరిగినా, ఖర్చు మారినా, కారణం ఎవరన్నది అందులో రాయాలి.

ఇంత చెప్పాక దీని ఇబ్బంది కూడా చెప్పాలి. ఇది యజమాని అలవాటు మార్చుకోమంటుంది. ‘ఇలా కాదు, అలా చేయండి’ అని రోజూ సైట్‌లో చెప్పే ఇంజినీర్లున్న సంస్థలో ఇది రెండు నెలలు కూడా నిలవదు. కాంట్రాక్టర్ ప్లాన్‌లో మీరు వేలు పెట్టిన క్షణం బాధ్యత మళ్లీ మీ మీదకే వస్తుంది. కొత్తగా వచ్చిన చిన్న కంపెనీకి గత పనుల అంకెలు ఉండవు కాబట్టి వాళ్లు నష్టపోతారు. ఆరు పేజీల మీద ఆధారపడి ఎంచుకోవడాన్ని ఆడిట్‌వాళ్లకు వివరించడానికి మీకు ఓపిక కావాలి.

## అర్హత చూసి, ధర తర్వాత మాట్లాడుకోవడం

ఆర్కిటెక్టులు, డిజైన్ ఇంజినీర్ల కోసం పుట్టిన పద్ధతి. అమెరికాలో 1972 నాటి బ్రూక్స్ చట్టం ఫెడరల్ సంస్థలకు ఇదే చెప్పింది: ధర అడగకుండా ముందు సత్తా చూసి వరుస కట్టండి, మొదటి సంస్థతో న్యాయమైన ఫీజు మాట్లాడండి, కుదరకపోతే ఆ చర్చ ముగించి రెండోవాళ్ల దగ్గరికి వెళ్లండి. డిజైన్ ఫీజు మొత్తం ఖర్చులో చిన్న భాగం, చెడ్డ డిజైన్ వల్ల వచ్చే నష్టం పెద్దది, కాబట్టి అక్కడ ఇది సమంజసం. కట్టే కాంట్రాక్టర్‌కు మాత్రం, మీ దగ్గర గట్టి క్వాంటిటీ సర్వేయర్ (పని కొలతలూ ఖర్చులూ లెక్కగట్టే నిపుణుడు) ఉంటే తప్ప, నేను సలహా ఇవ్వను. ధర గురించి మాట్లాడే సమయానికి మీ చేతిలో పోటీ అనే ఆయుధం సగం పోయి ఉంటుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | తేడాను బయటపెట్టే శక్తి | యజమాని శ్రమ | ఫిర్యాదు వస్తే నిలబడటం | ఎక్కడ బాగుంటుంది |
|---|---|---|---|---|
| తక్కువ ధర | లేదు | తక్కువ | చాలా తేలిక | పూర్తి డ్రాయింగులున్న సాదా పని |
| అర్హత, తర్వాత ధర | పాస్, ఫెయిల్ వరకే | కొద్దిగా | తేలిక | మామూలు పనులన్నీ |
| మార్కులు, వెయిటేజీ | మార్కులు విడిపోతేనే | ఎక్కువ | కారణాలు రాసి ఉంటే సరే | మధ్యస్థం నుంచి పెద్ద పనులు |
| నాణ్యతకు డబ్బు లెక్క | బాగా | మొదట్లో ఎక్కువ | బాగుంటుంది | నష్టాన్ని అంకెల్లో చెప్పగలిగే పనులు |
| బెస్ట్ వాల్యూ | చాలా ఎక్కువ | ఎంపికలో మధ్యస్థం, అలవాటు మార్పు భారీ | జాగ్రత్త కావాలి | రిస్క్ ఎక్కువ, యజమానికి నైపుణ్యం తక్కువ |
| అర్హత, తర్వాత చర్చ | ఎక్కువ | మధ్యస్థం | చట్టం అనుమతిస్తేనే | డిజైన్, కన్సల్టెన్సీ |

## ఎవరికి ఏది

మీరు ప్రభుత్వ ఆఫీసులో ఉండి, ఇన్నాళ్లూ ఎల్1 మాత్రమే చేసి ఉంటే, ఒకేసారి బెస్ట్ వాల్యూకు దూకకండి. మీ నిబంధనలు ఎంతవరకు అనుమతిస్తాయో చూసుకుని మార్కుల పద్ధతితో మొదలుపెట్టండి. అంశాలు నాలుగు, ప్రతి మార్కుకూ రాతపూర్వక అర్థం, కనీస నాణ్యత మార్కు, అంచనాతో పోల్చే ధర సూత్రం. నాణ్యత వాటా 30 శాతమే అయినా మార్కులు బాగా విడిపోతే, గుంపుగా పడే 50 శాతం కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఆసుపత్రి, కాలేజీ, ఫ్యాక్టరీ లాంటివి నడుపుతూ లోపల పని చేయించుకునేవాళ్ల సంగతి వేరు. మీకు అంతరాయం కలిగే ప్రతి గంటకూ ధర తెలుసు. నాణ్యతకు డబ్బు లెక్క కట్టే పద్ధతి మీకోసమే పుట్టినట్టు ఉంటుంది. దానికి ప్రాజెక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూ జోడించండి.

అపార్ట్‌మెంట్ సంఘాలకూ, జీవితంలో ఒక్కసారి ఇల్లు కట్టుకునేవాళ్లకూ ఫార్ములాలు అక్కర్లేదు. ముగ్గురు నలుగురిని పిలవండి. వాళ్లు చివరగా ముగించిన మూడు పనుల యజమానులతో మాట్లాడండి. ఆ మూడింటినీ కాంట్రాక్టర్ ఎంచుకుని ఇవ్వకూడదు, వరుసగా చివరి మూడే కావాలని అడగండి. సైట్‌లో రోజూ ఉండే మేస్త్రీనో ఇంజినీర్‌నో కలవండి. ధరలో కొద్దిపాటి తేడా కోసం, మనసు ఒప్పుకోని మనిషికి మాత్రం పని ఇవ్వకండి. సంఘం అయితే ఎందుకు ఎంచుకున్నారో సమావేశం మినిట్స్‌లో ఒక పేజీ రాసిపెట్టండి.

ఏటా ఒకే రకం పనులు చేయించేవాళ్ల చేతిలో మిగతావాళ్లకు లేని ఒక ఆస్తి ఉంది: సొంత రికార్డు. ఎవరు ఎన్ని రోజులు ఆలస్యం చేశారు, ఎన్ని ఎక్స్‌ట్రాలు అడిగారు, అప్పగించాక ఎన్ని లోపాలు బయటపడ్డాయి అన్నది ప్రతి పనికీ రాసుకుంటే, మూడేళ్లకు మీ మార్కులు ప్రతిపాదనల మీద కాకుండా నిజాల మీద పడతాయి.

## ఏది ఎంచుకున్నా తప్పిపోకూడనివి

నాణ్యత మార్కులు సంతకాలతో మూసేశాకే ధర కవర్ తెరవాలి. ధర కంటపడ్డాక నాణ్యత మార్కు నిజాయితీగా వేయడం ఎంత మంచివాళ్లకైనా కష్టం.

గెలవడానికి చెప్పిన ప్రతి మాటా ఒప్పందంలోకి రావాలి. ఫలానా ఇంజినీర్‌ను చూపించి మార్కులు కొట్టేసి, పని మొదలయ్యాక ఇంకొకరిని పంపడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే మోసం. పేరుతో సహా రాయండి, మీ అనుమతి లేకుండా మార్చితే ఎంత కోత పడుతుందో రాయండి. డబ్బు లెక్క పద్ధతిలో అయితే, ఎంపికలో దక్కిన తగ్గింపు కంటే మాట తప్పినందుకు పడే కోత ఎక్కువ ఉండాలి. లేకపోతే మాట ఇచ్చి తప్పడమే లాభమవుతుంది.

ఓడిపోయినవాళ్లకు వాళ్ల మార్కులూ, కారణాలూ చెప్పండి. వచ్చేసారి వాళ్లే మెరుగైన బిడ్‌తో వస్తారు.

కొత్త పద్ధతిని అసలు పని మీద పెట్టేముందు, మీ దగ్గర ముగిసిపోయిన మూడు టెండర్ల ఫైళ్లు బయటికి తీయండి. పేర్లు తీసేసి, అప్పట్లో ఆ కమిటీలో లేనివాళ్ల చేత కొత్త పద్ధతిలో మార్కులు వేయించండి. ఆ పనులు చివరికి ఎలా ముగిశాయో మీకు ఇప్పటికే తెలుసు. ఆలస్యం చేసి, గొడవపడి ముగించిన కంపెనీ కొత్త మార్కుల్లోనూ మొదటి స్థానంలోనే వస్తే, మార్చాల్సింది వెయిటేజీ కాదు, మీరు అడుగుతున్న ప్రశ్నలు.